మిద్దె తోటల వాళ్లను యూట్యూబ్ ఎంతవరకు కలిపింది?

విజయవాడ మొగల్రాజపురంలో మా డాబా మీద పండించే కూరగాయల గురించి యూట్యూబ్‌లో వీడియోలు చేస్తుంటాను. ఇలాంటి మిద్దె తోట చానళ్లు మన వైపు గుంటూరులో, తెనాలిలో కూడా చాలానే ఉన్నాయి. వ్యూస్ ఎలా పెంచుకోవాలో, డబ్బు ఎప్పుడు వస్తుందో చెప్పేవారికి కొదవ లేదు. నేను ఈ సమీక్షలో చూడదలచింది వేరే సంగతి. వీడియోలు చేసేవాళ్లం ఒకరినొకరు ఎరిగి, ఒకరికొకరు అక్కరకు రావడానికి యూట్యూబ్ ఏ మేరకు తోడ్పడుతోంది? చూసేవాళ్లను మన దగ్గరకు చేర్చడంలో దీనికి సాటి లేదు. చేసేవాళ్లను కలిపే బాధ్యత మాత్రం చాలావరకు మన నెత్తినే పెట్టింది.

బాగున్నవాటిలో మొదట చెప్పవలసింది కామెంట్ల సంగతే. వేసవిలో సొర తీగ మీద ఒక వీడియో పెట్టాను. పిందెలు పచ్చబడి రాలిపోతున్నాయని, పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దుతున్నా నిలవడం లేదని ఒకావిడ రాశారు. నేను జవాబు రాసేలోపే గుంటూరులో తోట చానల్ నడిపే ఒక మాస్టారు అందుకున్నారు. "అమ్మా, కాకర, గుమ్మడి పొద్దున పూస్తాయి. సొర పువ్వు విచ్చుకునేది సాయంత్రం. పొద్దు వాలాక అద్దండి. పువ్వు కింద వేలెడు కాయ కనిపిస్తే అది ఆడపువ్వు" అని రాశారు. బీర కూడా సాయంత్రమే పూస్తుందని తెనాలి నుంచి మరొకరు చేర్చారు. మాస్టారి కామెంట్‌ను అన్నిటికన్నా పైన ఉండేలా పిన్ చేశాను. ఈ పిన్, మనం ఇచ్చే గుండె గుర్తు 2016లో వచ్చాయి. చిన్న చానళ్ల మధ్య స్నేహం కుదరడానికి ఇంతకన్నా పనికొచ్చే సాధనం నేను చూడలేదు. మరొకరి పేరును మన ఇంటి గుమ్మం మీద పెట్టినట్టు ఉంటుంది. నా దగ్గరకు వచ్చినవాళ్లు ఆయన చానల్‌కూ వెళ్లడం మొదలుపెట్టారు. ఆయన ఉత్సాహపడి, టార్చి వెలుగులో సొర పువ్వు అద్దుతూ చక్కటి వీడియో చేశారు.

లోటు తెలిసింది కూడా అక్కడే. ఆ వీడియోను నా వీడియోకు జవాబుగా తగిలించే దారి లేదు. ఒకప్పుడు ఉండేది. 2006లో మొదలైన ఆ సదుపాయాన్ని 2013 సెప్టెంబరులో తీసేశారు. జవాబు వీడియోల మీద పది లక్షల్లో నాలుగు సార్లు మాత్రమే నొక్కుతున్నారని కారణం చెప్పారు. అది చూసేవాళ్ల వైపు నుంచి వేసిన లెక్క. చేసేవాళ్ల వైపు నుంచి చూస్తే, నా మాట విని, శ్రమపడి, కెమెరా ముందు నిలబడి బదులు చెప్పిన మనిషి ఎవరో ఆ సదుపాయం వల్ల తెలిసేది. ఎంతమంది నొక్కారన్నది దాని ముందు చిన్న విషయం. ఇప్పుడు వివరణలో లింకు ఇవ్వాలి, లేదా వీడియో చివరి 20 సెకన్లలో కనిపించే డబ్బాలో పెట్టాలి. నేను రెండూ చేస్తాను. మాస్టారి వీడియో కింద నా పేరు, నా వీడియో కింద ఆయన పేరు ఉండాలంటే ఇద్దరమూ గుర్తుపెట్టుకుని చేసుకోవలసిందే.

2019లో సొంత సందేశాలు పంపుకునే వీలు కూడా పోయింది. దాంతో చాలామంది కామెంట్లలోనే ఫోను నంబర్లు రాసేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. మన చానల్ పేరు, బొమ్మ పెట్టుకుని "మీకు బహుమతి వచ్చింది, ఈ నంబరుకు రండి" అని ఎర వేసే మోసగాళ్లు ఆ నంబర్ల కోసమే తిరుగుతుంటారు. చానల్ కోసం విడిగా ఒక ఈమెయిల్ తెరిచి, పరిచయం పేజీలో పెడితే చాలు.

ప్రీమియర్ విషయంలో నాకు ఫిర్యాదే లేదు. ముందే తయారైన వీడియోను చెప్పిన వేళకు అందరం ఒకేసారి చూస్తూ, పక్కన మాట్లాడుకునే ఏర్పాటిది. 2018లో వచ్చింది. నేను ఆదివారం రాత్రి 7 గంటలకు పెడతాను. వీడియో ముందే పూర్తయి ఉంటుంది కాబట్టి నా చేతులు ఖాళీ, చాట్‌లో తీరిగ్గా మాట్లాడగలను. మిగతా తోట చానళ్లవాళ్లు కూడా వస్తారు. తెల్లదోమ మీద వీడియో పెట్టిన రాత్రి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు అని తెర మీద నేను చెబుతుంటే, చాట్‌లో ఎవరి డాబాలో ఏ ఆకు అడుగున పురుగు చేరిందో చర్చ నడిచింది. నమ్మకమైన ఒకరిని మోడరేటర్‌గా పెట్టుకుంటే అసభ్యపు రాతలను వాళ్లే తొలగిస్తారు. మనకు వద్దనుకున్న మాటల జాబితా కూడా ఇచ్చుకోవచ్చు. ఆ మాటలున్న కామెంట్లు బయటకు కనిపించకుండా మన పరిశీలన కోసం ఆగిపోతాయి. ఒక్కో మాటను తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇవ్వాలి. మనవాళ్లు తిట్లను రెండు రకాలుగానూ రాస్తారు.

పోస్టుల సంగతి వేరుగా చెప్పాలి. ఫొటో, నాలుగు మాటలు పెట్టుకునే ఈ వీలు విలువ నాకు 2024 సెప్టెంబరు మొదట్లో తెలిసింది. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగిన రోజులవి. అక్కడ తోట చానలున్న ఒక టీచరమ్మ వీడియో పంపే స్థితిలో లేరు, సిగ్నల్ అంతంతమాత్రం. "కింది వాటా మునిగింది. డాబా మీద క్షేమంగా ఉన్నాం. తాగే నీళ్లు కావాలి" అని మాత్రం పోస్టు చేయగలిగారు. దాన్ని మేమంతా మా మా చానళ్లలో పెట్టాం. ఆ చుట్టుపక్కల సాయం పంచుతున్నవాళ్ల దాకా ఆ మాట చేరింది. నీళ్లు తీశాక ఆవిడ పెరటి మొక్కలన్నీ బురదలో కుళ్లిపోయాయి. గోంగూర, చుక్కకూర, బెండ విత్తనాలు పొట్లాలుగా కట్టి గుంటూరు, తెనాలి నుంచి పంపినవాళ్లలో సగం మందిని ఆవిడ అప్పటివరకు ముఖాముఖి చూడనే లేదు.

అందుకే ఇప్పుడు ఏటా తొలకరి ముందు ఎవరో ఒకరి డాబా మీద కలిసి విత్తనాలు మార్చుకుంటున్నాం. తెర దాటి కలుసుకోవాలన్న కోరిక యూట్యూబ్ అంత పాతది. 2007 జులై 7న న్యూయార్క్ వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో అక్కడి వ్లాగర్లు ఇలాగే కూడారు. వీడియోలు చేసేవాళ్ల పెద్ద సమావేశం విడ్‌కాన్ 2010లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. మనకు అంత హంగు అక్కర్లేదు. ఒక డాబా, మజ్జిగ, పాత వార్తాపత్రికలతో చేసిన పొట్లాలు ఉంటే సరిపోతుంది. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాం: మొదటి గంట ఎవరూ కెమెరా తీయకూడదు.

డబ్బు కట్టే మెంబర్‌షిప్ నేను తెరవలేదు. వచ్చినదాంట్లో 70 శాతం మనకే ఇస్తారు, అది సబబే. కానీ విత్తనం ఇచ్చిపుచ్చుకునే చోట కట్టినవాళ్లు, కట్టనివాళ్లు అని విడదీయడం నాకు ఇష్టం లేదు. పిల్లల కోసమని గుర్తు పెట్టిన వీడియోలకు కామెంట్లు ఉండవన్నది కూడా ముందే తెలుసుకోండి. మనవరాలితో కలిసి చేసిన తోట వీడియో పెద్దల కోసమైతే, ఆ గుర్తు పెట్టేముందు బాగా ఆలోచించాలి.

ఒకే వీడియోను రెండు చానళ్ల పేరుతో పెట్టుకునే సదుపాయం ఈమధ్యే వచ్చింది. ఇన్నాళ్లకు యూట్యూబ్ చేసేవాళ్ల వైపు వేసిన అడుగు ఇది, మనసారా మెచ్చుకుంటున్నాను. జవాబు వీడియోను కూడా తిరిగి తెస్తే, మాస్టారి సొర పువ్వు వీడియోను నా దానికి మొదటి జవాబుగా నేనే తగిలిస్తాను.