తెల్ల కళ్ల లెన్సులు: నాలుగు స్టార్లు, ఒకటి కోత

ఈ కాంటాక్ట్ లెన్సులు బాగున్నాయి. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కింద రాసిన జాగ్రత్తలు చదివాక కొంతమందికి కొనాలన్న ఉత్సాహమే పోవచ్చు. నాకైతే పోలేదు. వచ్చే నాటకానికి ఇంకో జత కొనే ఆలోచనలో కూడా ఉన్నాను.

నేను కొన్నది పవర్ లేని తెల్ల లెన్స్ జత. నాటకంలో నాది చచ్చి తిరిగొచ్చిన మనిషి పాత్ర. డైలాగులు పెద్దగా లేవు. చివరి రంగంలో తలెత్తి జనం వైపు చూడాలి, అంతే. ఆ చూపు పండకపోతే మిగతా వేషమంతా దండగ. నల్ల కళ్లవాళ్లకి పల్చటి రంగు లెన్సులు పనికిరావు, కింద ఉన్న నలుపు ఆ రంగుని మింగేస్తుంది. దట్టంగా రంగు అచ్చువేసిన రకమే కావాలి. ఇది ఆ రకం. నల్లగుడ్డు మొత్తాన్ని తెలుపు కప్పేస్తుంది, అంచున సన్నటి బూడిద రంగు గీత, మధ్యలో చూడ్డానికి చిన్న రంధ్రంలా రంగు లేని చోటు. దగ్గర నుంచి అద్దంలో చూసుకుంటే తెలుపంతా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. స్టేజీ లైట్ల కింద, వెనక వరసల నుంచి మాత్రం చుక్కలూ లేవు, గీతలూ లేవు, ప్రాణం లేని కళ్లే. మొదటి రిహార్సల్‌లో నా ఎదురుగా నిలబడ్డ అమ్మాయి తన డైలాగు మర్చిపోయింది. ఇంతకంటే మంచి రివ్యూ ఏముంటుంది?

కొనేటప్పుడు ఆ వెబ్‌సైట్ నన్ను ముందు ప్రిస్క్రిప్షన్ పెట్టమంది. చూపు కోసం కాదు కదా, వేషం కోసమే కదా అని చాలామందికి ఇక్కడే చిరాకు వస్తుంది. పవర్ లేనిదానికి డాక్టర్ ఎందుకు? ఇదే ప్రశ్న నేను కంటి డాక్టర్‌ని అడిగాను. "మీకు చూపు బాగానే ఉందండీ, అది నాకూ తెలుసు. లెన్స్ కింద మీ కన్ను బాగుంటుందా లేదా అన్నదే నేను చూడాల్సింది" అన్నారు.

ఆ పరీక్ష గురించి కాస్త వివరంగా రాస్తాను. ఈ కొనుగోలులో అసలు విలువైన భాగం అదే, లెన్స్ తర్వాతి సంగతి. ముందు కార్నియా, అంటే కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన పొర, ఎంత వంపు తిరిగి ఉందో మెషీన్‌తో కొలిచారు. నాకు రాసినవి బేస్ కర్వ్ (లెన్స్ లోపలి వైపు వంపు) 8.6, డయామీటర్ (లెన్స్ వెడల్పు) 14.5 మిల్లీమీటర్లు. తర్వాత ట్రయల్ లెన్స్ పెట్టి, నన్ను గడ్డం ఆనించి కూర్చోమని, మైక్రోస్కోప్ లాంటి స్లిట్ ల్యాంప్‌లోంచి చూస్తూ రెప్ప వెయ్యమన్నారు. రెప్ప వేసిన ప్రతిసారీ లెన్స్ కొద్దిగా, చాలా కొద్దిగా కదలాలట. అస్సలు కదలకపోతే బిగుతు, మరీ జారిపోతుంటే వదులు. బిగుతు లెన్స్ పెట్టుకున్నవాళ్లకి మొదట్లో అదే హాయిగా అనిపిస్తుందట, కదలదు కాబట్టి గుచ్చుకోదు. అంటే మన హాయిని బట్టి సైజు తేల్చుకోవడం కుదరదన్నమాట. ఇది నాకు నిజంగా కొత్త విషయం.

కార్నియాలో రక్తనాళాలు ఉండవు. దానికి కావాల్సిన ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచి, కన్నీటి పొర ద్వారా అందుతుంది. దాని మీద రంగు పూసిన ప్లాస్టిక్ మూత పెడుతున్నాం. ఆ మూత కదులుతూ ఉంటేనే కింద నీరు మారుతుంది. బిగుసుకుపోతే లోపలి చెత్త లోపలే ఉంటుంది, గాలి తగ్గుతుంది, కార్నియా పైపొర దెబ్బతింటుంది. అక్కడ చిన్న గీత పడినా చాలు, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా చొరబడి పుండు చేస్తుంది. పుండు మానినా మచ్చ మిగిలితే చూపు మసకేస్తుంది. పూర్తిగా చూపు పోయిన సందర్భాలూ ఉన్నాయి. డాక్టర్ ట్రయల్ లెన్స్ తీశాక నారింజ రంగు కాగితం చివర తడిపి కంట్లో అంటించి, నీలం లైటు వేసి చూశారు. గీతలేమైనా పడితే ఆ లైటులో ఆకుపచ్చగా మెరుస్తాయి. నాకేమీ మెరవలేదు. అప్పుడు రాసిచ్చారు.

అమెరికాలో 2005 నుంచి పవర్ లేని రంగు లెన్సులు కూడా చట్టప్రకారం వైద్య పరికరాలే. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడం అక్కడ నేరం. అయినా వేషాల సామాన్ల మధ్య మాస్కులతో పాటు వేలాడదీసి అమ్మేవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు, ఆన్‌లైన్‌లో అయితే చెప్పక్కర్లేదు.

అలాంటి ప్యాకెట్ ఒకటి మా బృందంలోకీ వచ్చింది. రాక్షసుడి వేషం కట్టే కుర్రాడు ఎర్ర లెన్సులు తెచ్చాడు. అమ్మినవాళ్లు అడిగింది ఒకే ఒక్క ప్రశ్నట: ఏ రంగు? అట్ట మీద పిల్లి కన్ను బొమ్మ భలే ఉంది. బేస్ కర్వ్ లేదు, డయామీటర్ లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తయారుచేసినవాళ్ల చిరునామా లేదు. "అందరి కళ్లకూ సరిపోతుంది" అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. చెప్పులే అందరికీ ఒకే సైజు సరిపోవు! ఒక లెన్స్ బయటికి తీసి సొల్యూషన్‌లో, అంటే లెన్సులు శుభ్రం చేసే మందు నీళ్లలో, తడిపిన దూదిపుల్లతో మెల్లగా రుద్దాను. దూది గులాబీ రంగుకి తిరిగింది. అంటే రంగు లెన్స్ లోపల కాకుండా పైనే ఉంది, అదీ సరిగ్గా అంటుకోలేదు. రంగు ఊడకపోతే మంచిదేనని మాత్రం అనుకోకండి. ఊడని రంగు లెన్స్ కూడా మీ కంటికి బిగుతు కావచ్చు. కుర్రాడు కాస్త గొణిగి, చివరికి ఎర్ర లెన్సులు లేకుండానే ఆడాడు. కంటి చుట్టూ నల్లగా దిద్ది, కింద రెప్ప మీద ఎర్ర గీత గీశాం. బాగానే భయపెట్టాడు.

ఇక పెట్టుకోవడం. సబ్బుతో చేతులు కడిగి, పీచు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి చేతులతో ముట్టుకోకూడదు. కుళాయి నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, లెన్స్‌కి అంటుకుని కంట్లోకి వెళ్తే దాని వైద్యం నెలల తరబడి సాగుతుంది. అందుకే కింద పడ్డ లెన్స్‌ని నీళ్లతో కడగడం, నోట్లో పెట్టి తడపడం లాంటివి వద్దే వద్దు. లెన్స్ తిరగబడిందా లేదా చూడ్డానికి వేలి కొస మీద పెట్టి పక్క నుంచి చూడండి. అంచులు గిన్నెలా నిటారుగా లేస్తే సరైన వైపు, బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. తెల్ల లెన్స్‌లో ఒక సుఖం ఏంటంటే కేసులో వెతుక్కోనక్కర్లేదు, చక్కగా కనిపిస్తుంది.

మేకప్ వేసేవాళ్లకి ఒక మాట. లెన్స్ ముందు, మేకప్ తర్వాత. తీసేటప్పుడు కూడా లెన్సే ముందు, మేకప్ తర్వాత. శవం రంగు కోసం నేను పౌడర్ బదులు క్రీమ్ వాడాను, పౌడర్ రేణువులు లెన్స్ కిందికి పోతే ప్రదర్శన అంతా కన్నీళ్లే. జుట్టుకి స్ప్రే కొట్టే పని లెన్స్ పెట్టుకోకముందే అయిపోవాలి.

చూపు సంగతి ఏ అమ్మకందారూ సరిగ్గా చెప్పడు. వెలుతురులో ఇబ్బంది లేదు. కనుపాప చిన్నదవుతుంది, రంధ్రంలోంచి శుభ్రంగా కనిపిస్తుంది. చీకట్లో కనుపాప పెద్దదై రంధ్రం అంచు దాటుతుంది. అప్పుడు చుట్టూ తెల్లటి పొగ కమ్మినట్టు ఉంటుంది. రెప్ప వేసినప్పుడు లెన్స్ జారి, ఆ పొగ ఒక్క క్షణం మధ్యలోకి వచ్చి పోతుంది. నాకు అసలు టెన్షన్ నటించేటప్పుడు కాదు, లైట్లు ఆరాక స్టేజీ దిగేటప్పుడు. మెట్టు ఎక్కడుందో తెలీదు. మెట్టు అంచున మెరిసే టేపు అంటించాం, పక్కన ఒకరు మోచెయ్యి పట్టుకుని నడిపించారు. ఇవి పెట్టుకుని బండి నడపడం మాట అటుంచి, కొత్త చోట మెట్లు కూడా ఒంటరిగా దిగకండి.

రంధ్రం లేని, మొత్తం తెల్లటి రకం కూడా ఉంటుంది. చుక్కల సందుల్లోంచి చూడాలి. కదలకుండా కూర్చుని ఫొటో దిగేవాళ్లకి పర్లేదేమోగానీ స్టేజీ మీద నడిచేవాళ్లకి కాదు. కంటి తెల్లగుడ్డుని కూడా కప్పేసే స్క్లెరా లెన్సులు 22 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. చూస్తే నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది. అంత పెద్దవి నిపుణులు కొలత తీసి పెట్టాల్సిందే, ఎక్కువసేపు ఉంచుకోకూడదు. నేను వాటి జోలికి పోలేదు. చీకట్లో మెరిసేవి అని అమ్మేవి మామూలు చీకట్లో మెరవవు, అల్ట్రావయొలెట్ లైటు పడితేనే వెలుగుతాయి. మీ వేదిక మీద ఆ లైటు లేకపోతే డబ్బు వృథా.

ఒకరోజు మా డైరెక్టర్ ఓ ఉపాయం చెప్పాడు. నేను రాలేని ప్రదర్శనకి నా పాత్ర వేరే అబ్బాయి వేస్తాడు కదా, లెన్సులు కడిగి అతనికి ఇవ్వమని. "అన్నా, అతని కన్ను కొలత వేరు. పైగా నా కంట్లో సూక్ష్మజీవుల్ని అతనికి దానం చెయ్యలేను" అన్నాను. నవ్వేసి వదిలేశాడు. కడిగినా సరే, లెన్సులు పంచుకోకూడదు.

వేషం లెన్సులకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, అవి కంట్లో కంటే కేసులోనే ఎక్కువ కాలం ఉంటాయి. పాత సొల్యూషన్ పారబోసి, కేసుని కొత్త సొల్యూషన్‌తోనే కడిగి ఆరబెట్టాలి. పాతదాని మీదే కొత్తది పోయడం పనికిరాదు. చాలా రోజులు పడి ఉన్న లెన్స్‌ని మళ్లీ కొత్త సొల్యూషన్‌తో రుద్ది, సీసా మీద రాసినన్ని గంటలు అందులో నానబెట్టాకే పెట్టుకోవాలి. సెలైన్ వేరు, సొల్యూషన్ వేరు. సెలైన్ క్రిముల్ని చంపదు. అప్పుడప్పుడూ మాత్రమే వాడేవాళ్లు, తమకు కావాల్సిన రంగులో ఒక్కరోజు వాడి పారేసే రకం దొరికితే, దాన్నే అడగడం మంచిది. నాకు కావాల్సిన తెలుపు ఆ రకంలో దొరకలేదు.

డాక్టర్ నాకు పెట్టిన హద్దు నాలుగు గంటలు. పెట్టుకుని నిద్రపోకూడదని విడిగా చెప్పారు, ప్రదర్శనల మధ్య కునుకు కూడా కూడదు. ఎరుపెక్కడం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక, వీటిలో ఏది వచ్చినా వెంటనే తీసెయ్యాలి. తగ్గకపోతే అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి. పోయేటప్పుడు లెన్సుల్నీ కేసునీ కడక్కుండా అలాగే తీసుకెళ్తే, ఏ క్రిమో పరీక్షించడానికి పనికొస్తాయట. ఇంట్లో ఉన్న పాత చుక్కల మందు వేసుకోవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

ఇక కోసిన స్టారు. కుడి లెన్స్‌లో రంధ్రం సరిగ్గా మధ్యలో లేదు, కొంచెం పక్కకి ఉంది. కంపెనీకి రాస్తే బ్యాచ్ నంబర్ అడిగి, మాట్లాడకుండా కొత్తది పంపారు. దానికి మార్కులు తగ్గించను. లెన్సులు వచ్చిన గాజు సీసాల అల్యూమినియం మూత మాత్రం ఘోరం. తీస్తుంటే దాని అంచు వేలిని కోసేంత పదును, తెగిన వేలితో లెన్స్ ముట్టుకోవాలా? ఇంకోటి, పెట్టె మీద "ఏడాది" అని పెద్దగా వేశారు. సీసా తెరిచిన రోజు నుంచి ఏడాది అని దాని అర్థం, మీరు ఎన్నిసార్లు పెట్టుకున్నారన్నదానితో సంబంధం లేదు. ఆ సంగతి లోపలి కాగితంలో చీమ తలంత అక్షరాల్లో ఉంది. సీసా తెరిచిన తేదీని నేనే కేసు మీద పెన్నుతో రాసుకున్నాను. కేసు మూతల మీద కుడి, ఎడమ గుర్తులు కూడా లేవు. అవీ నేనే రాసుకున్నాను.

వచ్చే నాటకానికి పసుపు రంగు కావాలి. ఈ కంపెనీ అదే రకంలో, అదే కొలతలో పసుపు చేస్తోంది కాబట్టి నా ప్రిస్క్రిప్షన్‌కి గడువు ఉన్నంతవరకు అదే చెల్లుతుంది. వేరే కంపెనీది కొంటే మళ్లీ కంటికి పెట్టించి చూపించుకోవాలి, బేస్ కర్వ్ అంకె ఒకటే అయినా సరే. స్టేజీ ఎక్కేవాళ్లకి, కెమెరా ముందు నటించేవాళ్లకి, పరీక్ష చేయించుకునే ఓపిక ఉంటే ఈ లెన్సులు నిరభ్యంతరంగా చెబుతాను. ఫోన్‌లో ఒక్క ఫొటో కోసమే అయితే కొనకండి, ఆ తెలుపు ఎడిటింగ్‌లో రెండు నిమిషాల పని.