ఐస్‌లాండ్ రింగ్ రోడ్: రోడ్డుకు వంద మార్కులు, కారు కౌంటర్‌కు సున్నా

ఐస్‌లాండ్‌లో కారు అద్దెకు తీసుకునేవాళ్ళకు మొదట చెప్పేది ఇదే: వెబ్‌సైట్‌లో కనబడే ధరను నమ్మకండి. అసలు ధర కెప్లావిక్ ఎయిర్‌పోర్టులో దిగి, నిద్ర చాలని కళ్ళతో కౌంటర్ ముందు నిలబడ్డాక తెలుస్తుంది. అప్పటికి మనం వెనక్కి తిరిగే పరిస్థితిలో ఉండం. వాళ్ళకూ ఆ సంగతి బాగా తెలుసు.

2024 సెప్టెంబరులో నేను, మా ఆవిడ, మా బావమరిది కలిసి వెళ్ళాం. దేశాన్ని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డునే రింగ్ రోడ్ అంటారు, 1,322 కిలోమీటర్లు. దానికోసం డాసియా డస్టర్, ఫోర్ వీల్ డ్రైవ్, 96,000 క్రోనాలకు బుక్ చేశాం. అప్పుడు వంద క్రోనాలంటే దాదాపు 60 రూపాయలు, కాబట్టి 57,600 అన్నమాట. బుకింగ్ సైటువాడు ‘ఫుల్ ప్రొటెక్షన్’ పేరుతో ఇంకో 11,400 రూపాయలు పట్టాడు. పోనీలే, టెన్షన్ ఉండదు కదా అనుకున్నాం.

కౌంటర్‌లో అమ్మాయి ఆ కాగితం చూసి, చిరునవ్వు చెదరకుండా, "ఇది మా ఇన్సూరెన్స్ కాదు" అంది. కారుకు ఏదైనా అయితే ముందు మేం కట్టాలట, ఆ తర్వాత సైటువాడి వెంటపడి రాబట్టుకోవాలట. దానికి పూచీగా క్రెడిట్ కార్డు మీద 3,50,000 క్రోనాలు, అంటే రెండు లక్షల పదివేల రూపాయలు బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు పనికిరాదు. అలా వద్దనుకుంటే వాళ్ళ దగ్గరే కంకర బీమా, ఇసుక–బూడిద బీమా అన్నీ కలిపి 48,300 క్రోనాలకు కొనుక్కోవాలి. మా వెనక ఇంకో పదిమంది లైన్లో ఉన్నారు. బావమరిది మొహం చూస్తే అప్పటికే ఎర్రబడింది. "బావా, ఇది దోపిడీ" అని తెలుగులోనే, కానీ అందరికీ అర్థమయ్యేంత గట్టిగా అన్నాడు. కొన్నాం. కొనక ఏం చేస్తాం?

న్యాయంగా చెప్పాలంటే ఆ బీమాలు ఊరికే పెట్టినవి కావు. దక్షిణాన నల్ల ఇసుక మైదానాలున్నాయి. గాలి గట్టిగా లేస్తే ఆ ఇసుక, బూడిద కారు పెయింటును గీరిపారేస్తాయి. ఎదురొచ్చే బండి టైరు కింద నుంచి కంకర లేచి అద్దానికి తగలడం మామూలే. నా కోపం బీమా మీద కాదు, దాని ధరను బుకింగ్ సమయంలో దాచిపెట్టి, మనం ఇరుక్కున్నాక బయటపెట్టడం మీద. పైగా అన్నీ కొన్నాక అగ్రిమెంట్ చివరి పేజీలో ఒక వాక్యం: గాలికి డోర్ విరిగితే ఏ బీమా వర్తించదు.

అదేమిటో దక్షిణ తీరాన వీక్ అనే చిన్న ఊరి దగ్గర పెట్రోల్ బంకులో కళ్ళారా చూశాం. పక్కన ఆగిన కారులోంచి ఒకాయన దిగబోయాడు, గాలి డోర్‌ను లాక్కుపోయింది. టప్పుమని పెద్ద చప్పుడు. డోర్ పూర్తిగా ముందుకు తిరిగి, ముందు చక్రం పైనున్న రేకుకు అతుక్కుంది. కీలు దగ్గర పెయింట్ పెచ్చులు లేచి, కింద ఇనుము తెల్లగా కనబడుతోంది. ఆయన మూయబోతే అది మూసుకోలేదు. ఆ తర్వాత మా కారులో చట్టం మారింది: బండిని గాలికి ఎదురుగా ఆపాలి, ఒకరి తర్వాత ఒకరే దిగాలి, డోర్‌ను రెండు చేతులతో పట్టుకోవాలి. బావమరిది దిగేముందు "ఓకేనా బావా?" అని అడిగి మరీ దిగేవాడు.

స్టీరింగ్ ఎడమ వైపు, బండి నడిచేది రోడ్డుకు కుడి వైపు. ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడటం మొదటి పూటంతా నడిచింది. అంతకంటే జాగ్రత్త పడాల్సింది రెండు లేన్ల రౌండబౌట్ల దగ్గర. అక్కడ లోపలి లేన్‌లో ఉన్నవాడు బయటికి వస్తుంటే బయటి లేన్‌వాడు ఆగాలి. తారు రోడ్డు మీద గంటకు 90 కిలోమీటర్లు, కంకర రోడ్డు మీద 80 దాటకూడదు. కెమెరాలున్నాయి. జరిమానా కాగితం అద్దె కంపెనీకి వెళ్తే వాళ్ళు తమ ఫీజు కూడా తగిలిస్తారు. కొన్ని వంతెనలు ఒకే లేన్‌వి, ముందు చేరుకున్నవాడు ముందు వెళ్తాడు. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్ల జోలికి మేం పోలేదు. వాగు దాటేటప్పుడు ఇంజన్‌లోకి నీళ్ళొస్తే ఆ ఖర్చు మొత్తం మనదేనని అదే చివరి పేజీలో ఉంది మరి.

సెల్యాలాండ్స్‌ఫాస్ జలపాతం వెనక్కి నడిచి తడిసి ముద్దయ్యాం. స్కోగాఫాస్, యోకుల్‌సార్లోన్ మంచుముక్కల సరస్సు, అన్నీ ఫోటోల్లో చూసినట్టే, ఇంకా బాగున్నాయి. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం స్కాఫ్తాఫెల్ దగ్గర రోడ్డు పక్కన పడున్న ఇనుప దూలాలు. 1996లో హిమానీనదం కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీరంతా ఒక్కసారిగా వరదై పాత వంతెనను కొట్టుకుపోతే మిగిలినవి అవి. ఈ రింగ్ రోడ్డు 1974లో పూర్తయిందంటే ఈ ఇసుక మేటల మీద వంతెనలు కట్టగలిగారు కాబట్టే. మెలితిరిగిన ఆ దూలం మీద చెయ్యి వేసి బావమరిది, "దీనికీ బీమా రాలేదేమో బావా" అన్నాడు. కౌంటర్ దగ్గర్నుంచి మూతి ముడుచుకున్న మా ఆవిడ అప్పుడు నవ్వింది.

బసల సంగతి. వీక్‌లో 38,500 క్రోనాలు పోసి తీసుకున్న గదికి బాత్‌రూమ్ కూడా పంచుకోవాల్సిందే, టిఫిన్ లేదు. వీక్‌లో ఉండకండి, ఇంకాస్త తూర్పుకు వెళ్ళండి. హొప్న్ అనే ఊరు దాటాక ఒక గొర్రెల ఫారంలో ముగ్గురికీ కలిపి 29,000కే దొరికింది, సొంత బాత్‌రూముతో సహా. రాత్రి భోజనం గొర్రె మాంసం సూప్, మనిషికి 3,600, ఎన్నిసార్లైనా పోయించుకోవచ్చు. మా ఆవిడ మాంసం ముట్టదని చెబితే ఆ ఇంటావిడ ఏమీ గొణక్కుండా బంగాళాదుంప, క్యారెట్, బార్లీ వేసి వేరే గిన్నెలో సూప్ కాచింది. పొద్దున బిల్లులో చూస్తే దానికి సగమే వేసింది. అంత ఖరీదైన దేశంలో అడగకుండా తగ్గించిన బిల్లు అదొక్కటే. మిగతా పూటలు గులాబీ రంగు పంది బొమ్మ ఉన్న బోనస్ సూపర్‌మార్కెట్లో కొన్న బ్రెడ్డు, స్కీర్‌లతో గడిచాయి. స్కీర్ అంటే మన గట్టి పెరుగులా ఉంటుంది. మీవాట్న్ సరస్సు దగ్గర భూమి వేడికే కాల్చే తియ్యటి రై రొట్టె మాత్రం వదలకండి, వెన్నతో తినాలి.

టూరిస్టులంతా ఎగబడే వేణ్ణీళ్ళ కొలను బ్లూ లగూన్‌కు పోసే డబ్బు దండగ. దాదాపు ప్రతి ఊళ్ళోనూ మున్సిపాలిటీ స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, పక్కనే వేణ్ణీళ్ళ తొట్లు. మేం వెళ్ళినచోట 1,200 క్రోనాలు. కాకపోతే నీళ్ళలో దిగేముందు బట్టలన్నీ తీసేసి సబ్బుతో స్నానం చేసి తీరాలి. అది విని బావమరిది "నేను రాను బావా" అని కారులో కూర్చున్నాడు. చలికి అరగంటలో వచ్చాడు. తర్వాత ఏ ఊరొచ్చినా మొదటి ప్రశ్న, "ఇక్కడ పూల్ ఉందా?"

ఉత్తరాన అకురేరి పట్టణానికి ముందు ఒక సొరంగం వస్తుంది. టోల్ బూత్ కనబడదు, కెమెరా నంబరు చదువుకుంటుంది. 24 గంటల్లో ఆన్‌లైన్‌లో కట్టకపోతే బిల్లు అద్దె కంపెనీకి పోతుంది. వాళ్ళకు ఇంకో రూపాయి ఇచ్చేది లేదని బావమరిది పట్టుబట్టాడు, పాత కనుమ దారినే వెళ్ళాం. 16 కిలోమీటర్లు ఎక్కువైనా ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) అంతా పైనుంచి కనబడింది. మొండితనం ఈసారి లాభమే చేసింది.

అప్పుడు పెట్రోలు లీటరు 318 క్రోనాలు, మొత్తం ఖర్చు 42,000 దాటింది. చాలా బంకుల్లో మనుషులుండరు, పిన్ ఉన్న కార్డు దగ్గరుంచుకోండి. ఎంత పోయించుకోవాలో ముందే అంకె నొక్కండి. ‘ఫుల్ ట్యాంక్’ నొక్కితే పెద్ద మొత్తం బ్లాక్ చేసి, ఎప్పుడో వదులుతారు.

ఇక కారు అప్పగింత. తెల్లవారుజామున ఒకతను టార్చి లైటుతో వచ్చి నేల మీద మోకాళ్ళేసి, వెనక చక్రం రిమ్ము మీద గీత చూపించి 64,000 క్రోనాలన్నాడు. తీసుకున్న రోజు కారు చుట్టూ తిరిగి తీసిన వీడియో తెరిచాను. ఆ గీత అందులో ఉంది. అతను రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా లైటు ఆర్పేశాడు. హమ్మయ్య అనుకుంటే, ఇంటికొచ్చాక కార్డు మీద 12,000 క్రోనాలు పడ్డాయి, ‘క్లీనింగ్ ఫీజు’ అట. చాలా బంకుల దగ్గర బ్రష్షు, నీళ్ళ గొట్టం ఉచితం. ముందురోజు సాయంత్రం మేం కడిగి ఫోటోలు తీశాం కూడా, అవి లేకపోయుంటే ఈ దెబ్బా మింగాల్సిందే. వాటిని జతచేసి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. డబ్బు తాత్కాలికంగా వెనక్కి వేశారు, కంపెనీ జవాబు రావాలి.

బుకింగ్ అప్పుడు ఇంకో లోకల్ కంపెనీ అన్ని బీమాలూ కలిపి, డిపాజిట్ లేకుండా 1,38,000 క్రోనాలు చూపించింది. మాకు చివరికి కారుకే 1,44,300 అయింది, సైటువాడి 11,400 రూపాయలు కాకుండా. మీరు బుక్ చేసేటప్పుడు మొదటి ధర పక్కన పెట్టి, డిపాజిట్ ఎంత, డ్యామేజీ అయితే మన వాటా ఎంత అని మెయిల్‌లో రాయించుకోండి. జవాబు ఇవ్వనివాళ్ళ దగ్గర కారు తీసుకోకండి.