ఫ్లాప్ మోటార్ మొరాయిస్తే: బాగు చేసుకోవడమా, కొత్తది వేయడమా, చేతి లివరా? ఏది మేలు?

సొంతంగా కట్టుకున్న విమానంలో ఎలక్ట్రిక్ ఫ్లాప్‌లు (దిగేటప్పుడు కిందికి దించే రెక్కల వెనక పలకలు) మొరాయించగానే బెంగళూరులో మన తెలుగు బిల్డర్లు అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, మోటార్ మార్చేద్దామా?" నా జవాబు కూడా ఒకటే: ముందు మల్టీమీటర్ తియ్యి. మోటార్ పోయిందనుకున్న చోట చాలాసార్లు తప్పు స్విచ్‌లోనో, రిలేలోనో, తుప్పు పట్టిన ఎర్త్ లగ్గులోనో (వైరు కొసన బిగించే లోహపు ముక్క) ఉంటుంది. తప్పు ఎక్కడుందో తేలనిదే ఏది మేలో చెప్పలేం.

ఫ్లాప్‌లు లేకుండా కూడా దిగొచ్చు కదా అనేవాళ్లున్నారు. దిగొచ్చు, ప్రతి పైలట్‌కీ అది వచ్చి తీరాలి. కానీ బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి 6,000 అడుగుల ఎత్తులో ఉండాల్సినంత పలచగా అయిపోతుంది. స్పీడ్ మీటర్‌లో ముల్లు ఎప్పటి అంకె మీదే ఉన్నా, అసలు వేగం దాదాపు 9 శాతం ఎక్కువ. ఆగడానికి పట్టే దూరం ఇంచుమించు 20 శాతం పెరుగుతుంది. దానికి తోడు ఫ్లాప్‌లు లేక అప్రోచ్ వేగం కూడా పెరిగిందంటే చిన్న రన్‌వే మీద టెన్షన్ తప్పదు. చెన్నైలో సముద్రం పక్కన ఎగిరేవాళ్లకి ఈ ఇబ్బంది ఇంత ఉండదు.

లక్షణాలను బట్టి సగం సంగతి తెలిసిపోతుంది. నేల మీద చూసినప్పుడు ఫ్లాప్ కిందికి దిగి పైకి రాకపోతే, లేదా పైకి వెళ్లి కిందికి దిగకపోతే చాలావరకు మోటార్ మంచిదే. ఆ ఒక్క దిక్కుకి కరెంట్ వెళ్లే దారిలో, అంటే స్విచ్ కాంటాక్ట్‌లోనో రిలేలోనో లిమిట్ స్విచ్‌లోనో (కొసకి చేరగానే కరెంట్ ఆపేసే స్విచ్) తప్పుంది. లోపలే లిమిట్ స్విచ్‌లున్న యాక్చుయేటర్లలో (మోటార్, స్క్రూ కలిసి ఫ్లాప్‌ని నెట్టే పరికరాల్లో) ఒక్కో స్విచ్‌కి అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది. చివరిదాకా వెళ్లి స్విచ్ తెగాక, వెనక్కి రావడానికి కరెంట్ ఆ డయోడ్ గుండానే పోవాలి. డయోడ్ కాలిపోయిందా, యాక్చుయేటర్ ఆ కొసనే ఇరుక్కుపోతుంది. కొద్ది రూపాయల భాగం కోసం యాక్చుయేటర్ మొత్తం పారేసినవాళ్లని చూశాను, బాధేసింది. మోటార్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఫ్లాప్ కదలకపోతే అది మోటార్ తిప్పే స్క్రూ దగ్గరో, దాని కొసన కీలులా ఉండే రాడ్ ఎండ్ దగ్గరో తేడా. మోటార్ మీద వేలితో తడితే తిరుగుతోందంటే తప్పు బ్రష్‌లలో, అంటే తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ ముక్కల్లో. రెండు దిక్కులా నెమ్మదిగా కదులుతోందంటే మాత్రం బ్రష్‌లూ కావచ్చు, వైరింగూ కావచ్చు. మీటర్ కావాల్సింది ఇక్కడే.

వైరు ఊడదీసి వోల్టేజ్ చూస్తే 12 వోల్టులూ కనిపిస్తాయి, అందరం నమ్మేస్తాం. లోడ్ లేనప్పుడు తుప్పు పట్టిన లగ్గు కూడా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది. మోటార్ తిరుగుతుండగానే చూడాలి. మీటర్ ఒక కొస బ్యాటరీ ప్లస్ మీద, రెండో కొస మోటార్ ప్లస్ వైరు మీద పెట్టి స్విచ్ నొక్కండి. అర వోల్టు లోపల చూపిస్తే ఆ వైపు దారి బాగున్నట్టే, ఒకటిన్నర వోల్టు చూపిస్తే ఆ నష్టమంతా మధ్యలో ఎక్కడో ఉంది. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి మోటార్ మైనస్ వరకూ కూడా చూడాలి. అల్యూమినియం బాడీకి బిగించిన ఎర్త్ లగ్గు పైకి మెరుస్తూనే ఉంటుంది, కింద తెల్లటి పొడి పట్టి ఉంటుంది. ఫైబర్ బాడీ అయితే ఎర్త్ వైరు తిరిగి బ్యాటరీ దాకా వెళ్లాల్సిందే.

ఇంకో సంగతి. నేల మీద ఫ్లాప్‌కి గాలి బరువు లేదు. పైన ఎగిరేటప్పుడు గాలి ఫ్లాప్‌ని పైకి నెడుతుంది కాబట్టి మోటార్ అసలు కష్టం దించడంలోనే పడుతుంది. హ్యాంగర్‌లో చక్కగా దిగిన ఫ్లాప్ గాలిలో సగంలో ఆగి బ్రేకర్ పడేది అందుకే. డీసీ క్లాంప్ మీటర్‌తో మోటార్ తీసుకునే ఆంపియర్లు, పూర్తిగా దిగడానికి పట్టే సెకన్లు విమానం కొత్తగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి. తర్వాత అంకె మారితే తెలిసిపోతుంది.

ఇప్పుడు పోలికకి వద్దాం. తప్పు మోటార్‌లోనే అని తేలిందనుకుందాం.

బాగు చేసుకోవడం నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి. చాలా మోటార్ల జబ్బు గ్రీజే. వేడికి గేర్‌బాక్స్‌లోని గ్రీజు నూనెగా కారి బ్రష్‌ల మీదకి వస్తుంది. కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దలా కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి చక్రం) గాళ్లలో పేరుకుంటుంది. మూత విప్పితే కళ్లకి కనిపిస్తుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, గాళ్లలోని ముద్దని సన్నటి వెదురు పుల్లతో తీసి, రాగి మీద నున్నటి శాండ్‌పేపర్ తేలిగ్గా తిప్పాలి. ఎమరీ వాడొద్దు, దాని పొడి కరెంట్‌ని పారనిస్తుంది, గాళ్లలో ఇరుక్కుంటే కొత్త తంటా. బ్రష్ దాని గూట్లో వేలితో నొక్కితే లోపలికి వెళ్లి, వదిలితే స్ప్రింగ్ బలానికి తిరిగి రావాలి. అరిగిపోయి ఉంటే జేసీ రోడ్డు ఆర్మేచర్ వైండింగ్ షాపుల్లో అడగండి. ఒక్క జాగ్రత్త: డ్రిల్లింగ్ మెషీన్ బ్రష్‌ని అరగదీసి సరిపెట్టించుకోకండి. 12 వోల్టుల మోటార్ బ్రష్‌లో రాగి పొడి కలిసి ఉంటుంది, 230 వోల్టులదానిలో ఉండదు. సైజు సరిపోయినా బలం రాదు. ఖర్చు వందల్లో, ఒక ఆదివారం పని. గ్రీజు మళ్లీ కారుతుంది కాబట్టి ప్రతి వార్షిక తనిఖీలో మూత విప్పి చూడాల్సిందే. ఈ దారిలో ఉన్న లోపం అదొక్కటే.

అదే మోటార్ కొత్తది తెప్పించడం ఎప్పుడు మేలంటే, స్క్రూ అరిగినప్పుడు. ఫ్లాప్ వెనక అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. రాడ్ ఎండ్లూ పుష్‌రాడ్లూ గట్టిగానే ఉండి, స్క్రూ దగ్గర లొడలొడ ఉంటే దానికి మరమ్మతు లేదు. పీణ్య పారిశ్రామికవాడలో మంచి లేత్ పనివాళ్లున్నారు, ఏదైనా చేసిస్తారు, కానీ ఏ స్టీలో, ఏ హీట్ ట్రీట్‌మెంటో తెలియని స్క్రూని ఫ్లాప్ బరువు మోయమనడం నాకు ఒప్పదు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, వారాల ఎదురుచూపు తప్పవు. అయినా సరే.

ఎస్పీ రోడ్డులో దొరికే 12 వోల్టుల లీనియర్ యాక్చుయేటర్ సంగతేంటి? హిందూపురం నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఒకటి పట్టుకొచ్చి, "బరువు ఎక్కువే లాగుతుంది అన్నా, ధర కూడా తక్కువే" అన్నాడు. లాగే బలం సరే. ఫ్లాప్‌కి కావాల్సిన కదలిక 125 మిల్లీమీటర్లు, ఈ యాక్చుయేటర్‌ది 150. లోపలి లిమిట్ స్విచ్ 150 దగ్గరే తెగుతుంది. మిగిలిన 25 మిల్లీమీటర్లు అది టార్క్ ట్యూబ్‌ని (రెండు ఫ్లాప్‌లనీ కలిపే అడ్డ ట్యూబ్), బ్రాకెట్లని నెడుతూనే ఉంటుంది. పైగా లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలు, ఎన్ని సెకన్లు వరుసగా తిరగొచ్చో చెప్పే కాగితం లేదు. బాల్ స్క్రూ (గోళీల మీద తిరిగే స్క్రూ) రకమైతే, బ్రేక్ లేకపోతే గాలి నెట్టుడుకి ఫ్లాప్ తనంతట తానే పైకి వెళ్లిపోగలదు. మామూలు మర స్క్రూ అయితే ఉన్నచోటే నిలబడుతుంది. ఇవన్నీ తెలిసి, డిజైన్ మార్పుగా లెక్కలు వేసి, అనుమతుల సంగతి చూసుకుని బిగిస్తే అది వేరే మాట. ధర చూసి బిగించడం మాత్రం వద్దే వద్దు. రెండు ఫ్లాప్‌లకి రెండు యాక్చుయేటర్లు పెడదామనే ఆలోచన ఇంకా ప్రమాదం. ఒకటి ఆగి ఒకటి దిగితే విమానం ఒరిగిపోతుంది. ఎలక్ట్రిక్ ఫ్లాప్‌లున్న ఆర్‌వీ విమానాల్లో (వ్యాన్స్ కంపెనీ కిట్‌తో కట్టుకునేవి) ఒకే మోటార్, రెండు ఫ్లాప్‌లకీ కలిపి ఒకే అడ్డ ట్యూబ్ ఉన్నది అందుకే మంచిది.

ఇక చేతి లివర్. ఆర్‌వీ-4లో ఉన్నది అదే, పైపర్ చెరోకీలో అదే. సెస్నా 172లో కూడా 1965 మోడల్ వచ్చేదాకా అదే. బ్యాటరీ చచ్చినా పనిచేస్తుంది, క్షణంలో దిగుతుంది, ఎంత దిగిందో చేతికే తెలుస్తుంది. విమానం ఇంకా కడుతున్నవాళ్లకి, సీట్ల మధ్య జాగా ఉంటే, నేను గట్టిగా చెప్పేది ఇదే. ఇప్పటికే కట్టడం పూర్తయిన విమానంలో మోటార్ పీకి లివర్ పెట్టడం అంటే మాత్రం క్యాబిన్ అడుగు కోయడం, కొత్త బ్రాకెట్లు, కొత్త లెక్కలు. అంత పనికి తెగించేకంటే మోటార్‌ని శుభ్రం చేసుకోవడం నయం.

ఏ దారి పట్టినా, రాడ్ ఎండ్ లాక్ నట్టూ సేఫ్టీ వైరూ మీ కళ్లతో చూసుకోండి. అవి లేకపోతే తిరిగే స్క్రూకి రాడ్ ఎండ్ మెల్లగా ఊడి వచ్చేస్తుంది. మొదటిసారి ఎగిరినప్పుడు నేలకి 3,000 అడుగులు పైన, స్పీడ్ మీటర్ మీద తెల్ల చాపం (ఫ్లాప్‌లు దించదగిన వేగాలని చూపే గీత) పై అంచుకంటే తక్కువ వేగంలో, ఫ్లాప్‌ని కొంచెం కొంచెంగా దించండి. విమానం ఏ పక్కకైనా లాగినట్టనిపిస్తే, ఇంకా దించకుండా, దించినంత వెంటనే వెనక్కి తీయండి.