ఎక్స్‌క్లూజివ్ ఇవ్వాలా, ఎంబార్గో పెట్టాలా?

సంస్థ తన వార్తను ఒక్క విలేఖరికే ముందుగా ఇస్తే ఎక్స్‌క్లూజివ్. పదిమందికీ ముందే పంపి, ఫలానా గంట దాకా వేయొద్దంటే ఎంబార్గో.

ఎంబార్గో బాగా నడిచేది సైన్స్ పత్రికల దగ్గర. ‘నేచర్’లో రాబోయే పరిశోధన పత్రాలు విలేఖరులకు ముందే అందుతాయి; మామూలుగా బుధవారం లండన్ టైమ్ సాయంత్రం 4 గంటల దాకా వేయకూడదు. లెక్కలున్న వార్తను చదివి, బయటి నిపుణుణ్ణి అడిగి రాయడానికి ఆ వ్యవధి కావాలి. అదే ఓ యాప్ కొత్త వెర్షన్‌కి ఎంబార్గో అంటే న్యూస్ డెస్క్‌లో నవ్వుకుంటారు. ఇంకో చిక్కుంది. ఎంబార్గో నిలిచేది ఇద్దరి మధ్య ఒప్పందం మీదే. అవతలివాళ్లు సరే అనకముందే మెయిల్ పైన ‘ఎంబార్గో’ అని కొట్టి అంతా పంపేస్తే, దానికి కట్టుబడాల్సిన పని వాళ్లకు లేదు. ముందు అడగాలి, ఒప్పుకున్నాకే వివరాలు.

పెద్దగా పేరులేని సంస్థకు నేనైతే ఎక్స్‌క్లూజివే చెబుతాను. నలుగురు నాలుగు ముక్కలు రాసేకంటే ఒకరు లోతుగా రాస్తే మేలు. మెయిల్ పొట్టిగా చాలు: “అద్దెల మీద మీ కథనం చదివాను. అదే విషయంలో కొత్త లెక్కలు మా దగ్గరున్నాయి, ఇంకెవరికీ ఇవ్వలేదు. గురువారం మధ్యాహ్నంలోగా చెబితే మీకే.” ఆ గడువు పెట్టకపోతే జవాబు రాదు, వార్త పాతబడుతుంది, ఆపైన మనకు టెన్షన్. గడువు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆ సంగతి మొదటివారికి చెప్పి. ఒకేసారి ఇద్దరికి ‘మీకే’ అన్నారంటే మాత్రం, మీ తర్వాతి మెయిల్ ఇద్దరూ తెరవరు.