‘కొల్లేరు లేక్ వ్యూ’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కొల్లేరు ఒడ్డున టెంటులో బస, సాయంత్రం పడవ షికారు, గూడబాతులు, చేపల పులుసుతో భోజనం అంటూ ఫోన్లో రీల్స్ తెగ తిరుగుతున్నాయి కదా. వాటిలో ఒకదాన్ని నమ్మి మే మొదటి వారంలో మేం ఐదుగురం వెళ్లాం. మొత్తం 14,000 రూపాయలు. రెండు రోజుల ప్యాకేజీ. అక్కడ మాకు చూపించింది ఎవరిదో చేపల చెరువు.

తప్పు నాదీ ఉంది, అది ముందే ఒప్పుకుంటాను. ఏ ఊరు అని అడిగితే ఆ రీల్ పెట్టిన పేజీవాడు “లొకేషన్ ముందు రోజు పంపుతాం సార్, ప్రైవసీ కోసం” అన్నాడు. అక్కడే ఆగాల్సింది. పిల్లలకు సెలవులు ఉండగానే వెళ్లాలన్న టెన్షన్‌లో సగం డబ్బు అడ్వాన్సుగా యూపీఐలో కొట్టేశాను. డబ్బు వెళ్లేటప్పుడు కనిపించిన పేరుకీ పేజీ పేరుకీ సంబంధమే లేదు. రసీదు అడిగితే వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ వచ్చింది.

నర్సాపూర్ రైలెక్కి కైకలూరులో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో ముప్పావుగంట. చివర్లో మట్టి గట్టు, దాని మీద నాలుగు టెంట్లు, ఎదురుగా విశాలంగా నీళ్లు. నిజం చెప్పాలంటే మొదటి చూపులో బాగానే అనిపించింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

మా అత్తయ్యగారిది ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఆవిడ ఆటో దిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, “అల్లుడుగారూ, ఇది కొల్లేరు కాదండీ. ఎవరిదో బొచ్చె చేపల చెరువు” అన్నారు. ఎలా తెలుసని అడిగితే నీళ్లలో వరసగా పాతిన వెదురు గెడలు చూపించారు. ఒక్కో గెడకీ ఒక ప్లాస్టిక్ బస్తా కట్టి ఉంది. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన బస్తాల్లో నింపి అలా వేలాడదీస్తారట. శీలావతి, బొచ్చె చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి లాక్కుని తింటాయి. రీల్‌లో నేనూ ఆ గెడలు చూశాను. వలలు కట్టుకునే కర్రలనుకుని మురిసిపోయాను కూడా.

ఆ రోజు ఆవిడ దగ్గర నేర్చుకున్నది మీకూ చెప్తాను, ఫోటో చూసినప్పుడు పనికొస్తుంది. కొల్లేరుకి గీత గీసినట్టుండే ఒడ్డు ఉండదు. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో, పొలం ఎక్కడ ఆగుతుందో తెలీకుండా కిక్కిస గడ్డీ గుర్రపుడెక్కా తూటికాడా అల్లుకుని ఉంటాయి. నాలుగు వైపులా తిన్నగా గట్లు, మూలలు మడిచినట్టు కనిపిస్తే అది తవ్విన చెరువు. ఇంకో సంగతి, కొల్లేరు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరుల నీళ్లు చేరినప్పుడు ఊళ్ల అంచుల దాకా పొంగి, మిగిలింది ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది కదా, ఆ నీళ్లు వచ్చి చేరిందీ ఇక్కడికే. వేసవికి చాలా మేర ఎండి నెర్రెలిస్తుంది. మండు వేసవిలో గట్టు అంచు దాకా నిండుగా నీళ్లున్న ‘కొల్లేరు’ను ఎవరైనా చూపిస్తే ఆ నీళ్లు ఎలా వచ్చాయో అడగండి.

‘లేక్ మధ్యలో మా సొంత స్థలం’ అని కూడా ఆ పేజీలో రాశారు. కొల్లేరును 1999లోనే అభయారణ్యంగా ప్రకటించారు, ఐదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకీ ఎక్కింది. అభయారణ్యంలో చేపల చెరువులు తవ్వడమే నిషేధం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అక్రమ చేపల చెరువుల గట్లు పేల్చేసినప్పుడు ఆ చప్పుళ్లు ఊరంతా చెప్పుకున్నారని అత్తయ్యగారు గుర్తు చేసుకున్నారు. కాబట్టి లేక్ మధ్యలో టెంట్లు వేశామని చెప్పేవాణ్ణి అటవీ శాఖ అనుమతి కాగితం చూపించమనండి. మావాడు చూపించలేదు, నేను అడగనూ లేదు.

పడవ షికారు సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోతే పోయింది గానీ ఇది ప్రాణాల మీదకొచ్చే వ్యవహారం. వచ్చింది మేత బస్తాలు మోసే పడవ. అడుగున తవుడు నీళ్లు మురిగి ముక్కు పుటాలదిరే కంపు. లైఫ్ జాకెట్లు ఎక్కడని అడిగితే “లోతు ఉండదండీ, ఆరడుగులే” అని నవ్వాడు కుర్రాడు. మా చిన్నది మూడడుగుల మనిషి! నేను ఎక్కనన్నాను, పిల్లల్ని ఎక్కనివ్వలేదు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘కస్టమర్ క్యాన్సిలేషన్’.

రాత్రి ప్రశాంతత అన్నారు. పక్కనే రొయ్యల చెరువు, తెల్లవార్లూ ఏరేటర్ల (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) హోరు, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్. దోమల గురించి చెప్పక్కర్లేదు. బాత్రూమ్ గట్టుకి అవతల కొసన, దారిలో ఒక్క లైటు లేదు, రెండు పక్కలా నీళ్లు. భోజనం మాత్రం బాగుంది, వండిన ఆవిడ చెయ్యి మంచిది. ఆవిణ్ణి ఏమీ అనను.

పొద్దున్నే సామాను సర్దేసి మిగతా సగం డబ్బు ఇవ్వనన్నాను. అయితే ఆటోని గట్టు మీదకి రానిచ్చేది లేదన్నారు వాళ్లు. ముసలావిడతో, పిల్లలతో ఎండలో గొడవెందుకని కట్టేశాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. చాటింగు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు దాచి ఉంచడం వల్లే ఆ మాత్రమైనా కుదిరింది. మీరూ ఏదీ డిలీట్ చేయకండి. మాటలన్నీ ఫోన్లో కాకుండా రాతలో ఉండేట్టు చూసుకోండి.

తిరిగొచ్చేటప్పుడు ఆటో అతనే జాలిపడి ఆటపాక తీసుకెళ్లాడు. కైకలూరుకి రెండు మూడు కిలోమీటర్లే. అటవీ శాఖ వాళ్ల పక్షుల కేంద్రం అది. గూడబాతులు గూళ్లు కట్టుకోవడానికి నీళ్లలో ఇనుప స్టాండ్లు పెట్టారు. వేసవి కాబట్టి చాలా వరకు ఖాళీగానే ఉన్నాయి. చలికాలంలో రండి, కొమ్మకొమ్మకీ పిట్టే అన్నారు అక్కడివాళ్లు. ఆ రెండు రోజుల్లో పిల్లలు ఫోటో తీసుకోవాలనుకున్న చోటు అదొక్కటే. దానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు, గేటు దగ్గర టికెట్ కొనుక్కుంటే చాలు.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం వేరే. నిన్న మా తమ్ముడు ఒక రీల్ పంపి “అన్నయ్యా, వెళ్దామా?” అన్నాడు. ఈసారి పేజీ పేరు వేరు, ‘పులికాట్ సన్‌సెట్ క్యాంప్’ అట. వీడియో ఆపి చూశాను. నీళ్లలో వెదురు గెడలు, మూడో గెడకి ఒక పక్కకి వాలిన నీలం బస్తా.