క్లాసు గదిలోనా, డ్రమ్ము పక్కనా?

ఫార్మా యూనిట్లలో కొత్తవాళ్లకు రసాయనాల గురించి రెండు రకాలుగా చెబుతారు. ఒకటి క్లాసు: ప్రొజెక్టరు, సేఫ్టీ డేటా షీటు (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రం), చివర సంతకం. రికార్డుకు బాగుంటుంది. 16 విభాగాల ఆ షీటు ఇంగ్లిషులోనే ఉంటే, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడికి దక్కేది టీ, బిస్కెట్టే.

రెండోది షిఫ్టు మొదట్లో పది నిమిషాలు, పని జరిగేచోటే నిలబడి చెప్పడం. విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్‌నే తీసుకోండి. కుళ్లిన గుడ్ల వాసన కదా, తెలిసిపోతుందిలే అనుకుంటారు. గాలిలో 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100 పాళ్లు) దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. గ్యాస్ పోయిందనుకుని ట్యాంకులోకి దిగితే ప్రాణమే పోతుంది. ఈ సంగతి గ్యాస్ డిటెక్టరు చేతికిచ్చి చెబితేనే బుర్రకెక్కుతుంది.

నా ఓటు రెండోదానికే. కాకపోతే బెంజీన్ లాంటివి ఏళ్ల తరబడి రక్తానికి చేసే చెరుపు పది నిమిషాల్లో తేలే మాట కాదు. దానికి మాత్రం కూర్చోబెట్టి, వాళ్ల భాషలో చెప్పాల్సిందే.