స్పూరియస్ కోరిలేషన్స్ వెబ్‌సైట్: 5కి 4 స్టార్లు

"మేం వచ్చాక ఇది తగ్గింది, అది పెరిగింది" అని నాయకులు గ్రాఫు చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే "వచ్చాక" అన్న మాట వినేవాళ్ళ చెవిలో "వచ్చినందువల్ల" అయిపోతుందని వాళ్ళకీ తెలుసు. ఈ తేడాని పిల్లలకి ఎలా చెప్పాలా అని వెతుకుతుంటే టైలర్ విగెన్ 2014లో మొదలుపెట్టిన ఈ సైటు దొరికింది. పేరుకి అర్థం "ఉత్తుత్తి సంబంధాలు". ఉచితమే.

ఒక్కో గ్రాఫులో రెండు గీతలుంటాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో విడాకుల రేటు, దేశంలో తలసరి మార్జరిన్ (వెన్నకి బదులు వాడే నూనె పదార్థం) వాడకం తీసుకుంటే, 2000 నుంచి 2009 దాకా రెండూ జంటగా దిగుతూ వస్తాయి, సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.99. అంకెలు నిజమే, లెక్కా సరైనదే, కానీ ఒకటి రెండోదానికి కారణం కాదు. కాకి వాలడం, తాటిపండు రాలడం... కాకతాళీయం అన్నమాట. ఇలాంటివి ఎలా దొరుకుతాయో దాచకుండా చెప్పడం నాకు బాగా నచ్చింది: 25 వేలకు పైగా అంశాలను ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట గీతలు కలవక మానవు. ప్రసంగాలకి అంకెలు ఏరేవాళ్ళు చేసేదీ ఇలాంటిదే, కలిసొచ్చే ఏడాదితో మొదలుపెట్టి కలిసొచ్చే ఏడాదితో ఆపేస్తారు.

మరి ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మార్జరిన్ వల్ల విడాకులంటే ఎవరూ నమ్మరు. రాజకీయాల్లో మనల్ని పడగొట్టేవి నమ్మబుద్ధేసే గ్రాఫులు. న్యూయార్క్ సంగతే చూడండి. రూడీ జులియానీ 1994 జనవరిలో మేయరయ్యారు, హత్యలు బాగా తగ్గాయి, తన పోలీసు విధానాలే కారణమని ఆయన చెప్పుకున్నారు. కానీ 1990లో 2,200 దాటిన హత్యలు ఆయన రాకముందే తగ్గుముఖం పట్టాయి. పైగా అదే దశాబ్దంలో అమెరికా అంతటా నేరాలు తగ్గాయి, వేరే పద్ధతిలో పోలీసింగ్ చేసిన శాన్ డియాగోలో కూడా. పోలీసుల పాత్ర అసలు లేదని నేననడం లేదు, ఎంత ఉందో ఆ ఒక్క గీత చూసి చెప్పలేం అంటున్నాను. అంతకుముందు ఏ దారిలో ఉంది, ఆ పని చేయని చోట ఏమైంది అని అడిగే అలవాటు ఈ నవ్వించే గ్రాఫులతో రాదు.

అందుకని పిల్లలకి ముందు ఈ సైటు చూపించండి, ఆ వెంటనే న్యూయార్క్, శాన్ డియాగో గీతలు పక్కపక్కన పెట్టి ప్రశ్నలు వాళ్ళనే అడగమనండి.